మందను వదిలొచ్చిన ఫ్లోకాన్

జూలై వచ్చిందంటే వాల్‌బ్రేన్ అనే ఆ కొండ ఊరి వీధుల నిండా చేతికర్రల టకటకే. చలికాలంలో మంచు మీద జారడానికి వచ్చేవాళ్ళు వేరు, వేసవిలో నడవడానికి వచ్చేవాళ్ళు వేరు. ఈ రెండో రకం మరీ మంచివాళ్ళు. ఆ మంచితనమే ఒదీల్ ప్రాణానికి వచ్చింది.

రోప్‌వే పక్కనున్న టూరిస్టు ఆఫీసులో ఆమె ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. ఆ రోజు మధ్యాహ్నం ఒక జంట పెద్ద తెల్ల కుక్కను వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. ఈ వేసవిలో ఇది నాలుగోసారి.

“పాపం, తప్పిపోయిందండీ. సరస్సు దగ్గర్నుంచి మా వెనకాలే వచ్చేసింది. మా జున్నంతా దీనికే పెట్టేశాం,” అంది భార్య, ఒక ప్రాణం కాపాడానన్న సంబరంతో.

“చాలా థాంక్సండీ,” అంది ఒదీల్. తిట్టడానికి కాదు కదా ఆఫీసు వాళ్ళు ఆమెను అక్కడ కూర్చోబెట్టింది.

కుక్క తప్పిపోలేదు. ఒదీల్ వాళ్ళ అన్నయ్య అన్సెల్మ్ పైన కొండ పచ్చికల్లో తొమ్మిది వందల గొర్రెలను మేపుతున్నాడు. ఈ ఫ్లోకానే ఆ మందకు కాపలా. తోడేలు వస్తే అడ్డం నిలవాల్సింది ఇదీ, పళ్ళు అరిగిన బీజ్ అనే ముసలి ఆడకుక్కా. ఇది చూస్తే కౌంటర్ ముందు వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తోంది.

ఇలాంటి కుక్కను పెంచడానికి ఒక పద్ధతుంది. గొర్రెల దొడ్డిలో పుట్టాలి, గొర్రెల మధ్యే కళ్ళు తెరవాలి, వాటినే తనవాళ్ళనుకుంటూ పెరగాలి. మనిషి తిండి పెట్టి పక్కకు తప్పుకోవాలి. ఒళ్ళు నిమిరితే అది మనుషులకు మరిగి మందను వదిలేస్తుంది. అన్నాచెల్లెళ్ళకు ఈ సంగతి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

తెలిసీ ఒదీల్ తప్పు చేసింది. కిందటేడు జనవరిలో అన్సెల్మ్ ఎప్పటిలాగే రోప్‌వే పనికి పోయినప్పుడు మధ్యాహ్నాలు ఆఫీసు నుంచి వచ్చి దొడ్డి చూసుకున్నది ఆమే. పిల్లకుక్కకు జ్వరం వచ్చింది. గడ్డిలో వణుకుతూ మూలుగుతుంటే చూడలేక వంటింట్లోకి తెచ్చి, పొయ్యి పక్కన ఒళ్ళో పెట్టుకుని, వేలితో పాలు నాకించింది. అలా పదకొండు రోజులు. సాయంత్రం అన్న వచ్చేలోగా మళ్ళీ గడ్డిలో పెట్టేసేది. పాపం నడిచేవాళ్ళను తిట్టుకోవడమేగాని, అసలు దొంగ తనేనని ఆమెకు తెలుసు.

ఫోన్ మోగింది.

“ఫ్లోకాన్‌గాడు నీ దగ్గరున్నాడా?” అన్నాడు అన్సెల్మ్.

“ఇప్పుడే వచ్చాడు. సాయంత్రం నేనే తీసుకొస్తాలే.”

“వద్దులే. పొద్దున పొగమంచు కమ్మింది. ఆ మసకలో తోడేళ్ళు పడ్డాయి. పద్నాలుగు గొర్రెలు పోయాయి. బీజ్ కూడా పోయింది, ఒదీల్. ఒక్కతే ఎదురెళ్ళింది.”

ఫ్లోకాన్ ఆమె బూటు మీద తల పెట్టుకుంది.

మూడో రోజు పక్క కాపరికి మంద అప్పజెప్పి అన్సెల్మ్ కిందికి దిగాడు. వేసవి మధ్యలో అతను ఊళ్ళోకి రావడం ఇదివరకెప్పుడూ ఎవరూ చూడలేదు. ఆఫీసు బయట బల్ల మీద చెల్లెలి పక్కన కూర్చున్నాడు. ఈ మూడు రోజులూ ఆమె దగ్గరే ఉన్న ఫ్లోకాన్ వాళ్ళ కాళ్ళ దగ్గర పడుకుంది.

“లియోన్ పట్నం వాళ్ళెవరో వాణ్ణి పెంచుకుంటామన్నారు. ఇంకాసేపట్లో వస్తారు.”

“ఇంకొక్క నెల చూడు అన్నయ్యా.”

“చూసి? రోజూ దారిలో రెండొందల మంది. అందరి వెనకా పోతాడు.”

“తప్పు వాళ్ళది కాదు. నాది. కిందటేడు జనవరిలో వాడికి జ్వరమొస్తే...”

“తెలుసే. అప్పుడు వాడి ఒంటి నిండా నీ వంటింటి పొగ వాసన. నా ముక్కేం పోలేదు.”

“తెలిసీ ఏమీ అనలేదేం?”

అన్సెల్మ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “ఏ మొహం పెట్టుకుని అనను? జూన్‌లో పైకి ఎక్కినప్పటి నుంచీ పలకరించే దిక్కు లేదు. మధ్యాహ్నం గొర్రెలు పడుకుంటే వాడొచ్చి పక్కన కూలబడేవాడు. ఒక రోజు చెయ్యి వేశాను. ఆ తర్వాత రోజూ వేశాను.”

ఒదీల్‌కు ఏడుపు వచ్చింది, అన్న మీద కోపమూ వచ్చింది. రెండింటికీ తనకు అర్హత లేదనిపించింది.

“మరి మందను ఎవరు కాస్తారు?”

“ఇప్పుడు కుక్క ఎక్కడ దొరుకుతుందే? దొరికినా మందకు మరగడానికి ఏడాది పడుతుంది. నేనే కాయాలి.”

లియోన్ వాళ్ళ కారు వచ్చింది. కుక్క మొరాయిస్తుందేమో, తాడు పట్టి లాగాల్సి వస్తుందేమోనని అన్సెల్మ్ లేచి నిలబడ్డాడు. ఒదీల్ కూడా లేచింది. అలా మొరాయిస్తే ఈ ఒక్కసారికి పైకే తీసుకుపొమ్మందామని ఆమె మనసులో అనుకుంది.

కారు తలుపు తీసి ఆ ఇంటాయన నాలుక చప్పరించాడు. ఫ్లోకాన్ తోక ఊపుకుంటూ వెళ్ళి, ఒక్క గంతులో వెనక సీటు ఎక్కి కూర్చుంది. వీళ్ళవైపు తిరిగి కూడా చూడలేదు.

“ఎంత మంచి కుక్కండీ, కొత్తా పాతా లేదు. ఎవరు నేర్పారు?” అన్నాడాయన మెచ్చుకుంటూ.

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“మేమేనండీ,” అంది ఒదీల్.