గట్టు మీది సికమోర్

బ్రీజ్ నోటికి ఊరంతా జడుస్తుంది. కంకర గట్టు మీది అడవిని కాపాడే సంఘానికి ఏళ్ల తరబడి ఆవిడే పెద్ద. ఏ మంచుయుగంలోనో మంచుపలకలు కరిగిపోతూ వదిలేసిన ఆ గట్టు మీద హేజెల్, ఆష్, ఓక్ లాంటి నాటు చెట్లు తప్ప పరాయి చెట్టు కనబడితే చాలు, ఆవిడకు ఒళ్లు మండేది. కిందటి శీతాకాలం పక్కింటి మాలకీ వాళ్ల తాత నాటిన బీచ్ చెట్టును, "ఇది ఐర్లండ్ చెట్టు కాదు, దీని నీడన మన మొక్క ఒక్కటీ బతకదు" అంటూ నేలకూల్పించింది. అడ్డు చెప్పబోయినవాళ్ల నోళ్లు మూయించింది.

తన దాకా వస్తే గాని తెలియదంటారే, అలా ఇప్పుడు తన చెట్టు వంతు వచ్చింది. తమ్ముడు ఫింటన్ పుట్టిన రోజున నాన్న నాటిన సికమోర్ అది. అదీ పరాయిదే. ఫింటన్ మీసాలైనా సరిగ్గా రాకముందే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. చెట్టు మాత్రం ఏపుగా పెరిగి, గట్టు నిండా గింజలు చల్లి, హేజెల్ మొక్కలను అణగదొక్కేస్తోంది. సంఘంలో ఒక్కరూ కొట్టెయ్యమనలేదు. "నీ ఇష్టం బ్రీజ్" అన్నారంతే. ఆ మాటే ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది.

సంఘంలో మోటారు రంపం పట్టగలవాడు మాలకీ ఒక్కడే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. పొద్దున్నే రంపం భుజాన వేసుకుని వచ్చాడు.

"నువ్వు పిలుస్తావనుకోలేదే. ఊరికో న్యాయం, మహారాణికో న్యాయం అనుకున్నా."

"వెటకారం ఆపరా." బ్రీజ్ చెట్టు మొదలు మీద చెయ్యి ఆనించి గొంతు తగ్గించింది. "నరకొద్దు. చుట్టూ బెరడు ఒలిచెయ్, చాలు. నిలబడే మెల్లగా ఎండుతుంది. వచ్చే వసంతానికి ఒకసారి చిగురిస్తుంది కూడా. ఎండాక వడ్రంగిపిట్టలు గూడు పెట్టుకుంటాయి. రూలు తప్పినట్టూ కాదు."

మాలకీ రంపం కింద పెట్టాడు.

"అలా కూడా చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు."

"మరి మాదాన్ని?"

ఆ పద్ధతి బ్రీజ్‌కు అప్పుడూ తెలుసు. మాలకీ మీద కక్ష ఏమైనా ఉందా అంటే అదీ లేదు. ఎవరిదో చెట్టు గనుక ఆ ఆలోచనే తట్టలేదు. కక్ష అయినా ఇంతకంటే నయమే! సిగ్గుతో చచ్చిపోయిందా మనిషి.

"కొట్టెయ్," అంది చివరికి. "మీదాన్ని ఎలా కొట్టించానో అలాగే."

వద్దంటాడేమోనని లోపలెక్కడో ఆశపడింది. వాడు అనలేదు.

"అయితే పక్కకు తప్పుకో," అని రంపం అందుకున్నాడు.

చెట్టు ఫెళఫెళమంటూ ఒరిగిపోయింది. ఆవిడ ఉన్నచోటే చతికిలబడి, ఫింటన్ పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని గబగబా లేవబోయింది.

"కొమ్మలు ఈడ్చాలి కదరా, పొద్దెక్కుతోంది."

మాలకీ భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టాడు.

"కూర్చోవే. తీరిగ్గా ఏడువు," అన్నాడు. "మా చెట్టు కూలిన రోజు నేను ఏడుస్తుంటే నువ్వు గడియారం చూసుకున్నావు. నాకేం తొందర లేదు."