పగలు పడుకునే గది

అమ్మేవాళ్ల బ్రోకరు ఇల్లు చూపించేటప్పుడల్లా పాటలు పెడతాడు. ఇంటికి కళ వస్తుందంటాడు. కొనేవాళ్ల తరఫున వచ్చిన ఏజెంటమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే ముందు ఆ పాటల పెట్టె నోరు మూయించింది.

ఆమె వెంట వచ్చింది ఒక నర్సు, నర్సు భర్త. నర్సుది ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ. నిద్రపోవాల్సింది పగలే. అద్దెవాటాలో కింద రేకులు కొట్టే షెడ్డు మోత, పైన పిల్లల గంతులు. కునుకు పట్టేసరికి పొద్దుగూకేది, మళ్లీ డ్యూటీకి పరుగు. అందుకే ఈ ఇంటిని మిట్టమధ్యాహ్నమే చూడాలని ఏజెంటమ్మ పట్టుబట్టింది.

పడకగదిలో వెంట తెచ్చిన చాప పరిచి నర్సును పడుకోమంది. బ్రోకరు నోరెళ్లబెట్టాడు. కొనకముందే పడకలేమిటని గొణిగాడు. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందని బెదిరించాడు. ఆ ఇంకో పార్టీ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. ఏజెంటమ్మ అతన్ని పట్టించుకోకుండా మోకాళ్లు పట్టుకుని తనే ముందు నడుం వాల్చింది. నర్సు మొహమాటపడుతూనే పక్కన ఒరిగింది.

కాసేపటికి గోడ మూలిగింది. లిఫ్టు పైకి వెళ్లింది. మళ్లీ మూలిగింది, కిందికి దిగింది. సరిగ్గా తలగడ పెట్టాల్సిన చోట, గోడకు అవతల దాని మోటారు.

వారం తిరిగేసరికి చెవులకు అలవాటైపోతుందని బ్రోకరు నవ్వేశాడు. సర్దుకుపోదామని భర్త కూడా వంత పాడాడు. తన గురకకే లేవని మనిషాయన. ఏజెంటమ్మకు ఒళ్లు మండింది. ఇద్దరినీ కడిగేద్దామని లేవబోయింది గానీ మోకాళ్లు సహకరించలేదు. ఈలోగా నర్సే లేచి నిలబడింది.

"అలవాటు చేసుకోవడం నాకు బాగా వచ్చండీ. అద్దె ఇంట్లో అదే చేశాను. నా జీతంతో కొనుక్కునే ఇంట్లో మాత్రం చెయ్యను."

భర్త ఏదో అనబోయాడు. నర్సు ఆయన వైపు తిరిగింది.

"మొన్న రోగికి సూది వెయ్యబోతే చెయ్యి వణికింది. పెద్ద నర్సు నా చేతిలోంచి లాక్కుంది. నాకు నిద్ర కావాలి."

నాకెందుకు చెప్పలేదని ఆయన నెమ్మదిగా అడిగాడు.

"మనిద్దరం మెలకువగా ఉండేదెప్పుడని చెప్పను?"

ఆయన ఏజెంటమ్మకు చెయ్యి అందించి లేపాడు, చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. ముగ్గురూ మెట్లు దిగుతుంటే రేటు తగ్గిస్తానంటూ బ్రోకరు వెంటపడ్డాడు. ఏజెంటమ్మ జవాబివ్వబోయింది, భర్త అడ్డుపడ్డాడు.

"ఊరికే ఇచ్చినా వద్దండీ. మా ఆవిడకి ఇక్కడ నిద్ర పట్టదు."