ముందుకు జరగని గడియారం

జనగామ బస్టాండు వెనక సందులోని ఎలక్ట్రానిక్స్ దుకాణంలో వాసవి మొదటి గడియారాన్ని చేతిలోకి తీసుకుని దాని ముఖం చూడలేదు. బోర్లా తిప్పి వీపు చూసింది. వెనక చిన్న నల్లటి మర ఉంది. వేలితో తిప్పితే ముళ్లు ఎటంటే అటు తిరుగుతాయి. ఆమె దాన్ని పక్కన పెట్టేసింది.

దుకాణం నడిపే అభిలాష్ రంగు నచ్చలేదనుకుని ఇంకో రంగుది తీశాడు. ఆమె దాని వీపు కూడా చూసి పక్కన పెట్టింది. వెంట వచ్చిన రాజీకి నవ్వు ఆగలేదు. రాజీ వాసవి తమ్ముడి భార్య. ఇద్దరూ కలిస్తే మాటకు మాట తగులుతూనే ఉంటుంది.

"వదినా, గడియారాన్ని ముందటికెల్లి చూస్తరు."

"ముందట అన్నీ మంచిగనె కనపడ్తయి. వెనకాల ఎవలు తిప్పుతరో అది చూడాలె," అంది వాసవి.

పడక పక్కన పెట్టుకునేది కావాలని, పొద్దున రేడియో మోగి లేపాలని, దాని సమయాన్ని మాత్రం ఎవరి చెయ్యీ మార్చకూడదని ఆమె అభిలాష్‌కు చెప్పింది. అతను ఆమె వంక కాస్త వింతగా చూసి, ఫోను లేదా అక్కా అని అడిగాడు. ఉంది కాని తన దగ్గర ఉండదని చెప్పి ఊరుకుంది.

అంతకన్నా చెప్పాలంటే మహబూబాబాద్‌లోని తన అత్తవారి ఇంటి సంగతంతా చెప్పాలి.

ఆ ఇంట్లో కింద హోల్‌సేల్ కిరాణా దుకాణం, పైన కాపురం. గోడ గడియారం అరగంట ముందు నడుస్తుంది. అది చనిపోయిన మామ పెట్టిన పద్ధతి. కొత్తగూడ వైపు ఊళ్ల నుంచి చిన్న దుకాణాల వాళ్లు తొలి బస్సుకు సరుకు కోసం వస్తారు. ఏ షట్టరు ముందు లేస్తే వాళ్లు అటే నడుస్తారు. ఈ కిటుకు ఎదుటి దుకాణాల వాళ్లకూ తెలుసు. ఒకరిని చూసి ఒకరు జరుపుకుంటూ పోయేసరికి, ఇప్పుడు ఆ వీధి మొత్తం ఊరికన్నా అరగంట ముందు బతుకుతోంది. ఇంత చేసినా షట్టర్లన్నీ ఒకేసారి లేస్తాయి.

షట్టరు లేచేముందు గల్లాపెట్టె దగ్గర దీపం పెట్టాల్సింది, తొలి బేరం అందుకుని బోణీ చేయాల్సింది ఇంటి కోడలి చెయ్యే. అత్త సరస్వతి చేతి నుంచి ఆ పని వాసవి చేతికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కనుక ఇంట్లో అందరికన్నా ముందు లేవాల్సింది ఆమె.

గడియారం చెప్పేది అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు. చూసిన ప్రతివాళ్లూ మనసులో అరగంట తీసేసుకుంటారు. అలా తీసేసుకుంటున్నారని తెలిసి, భర్త గోవర్ధన్ అప్పుడప్పుడు ఎవరికీ చెప్పకుండా ముల్లును ఇంకాస్త జరుపుతాడు. అందువల్ల ఎంత తీసేయాలో వాసవికి ఏనాడూ కచ్చితంగా తెలియదు. తలుపు ఎవరో కొట్టబోతున్నారని తెలిసిన మనిషి పడుకున్నట్టు పడుకుంటుంది. నిద్రలో కూడా ఆమెలో ఏదో ఒకటి కూర్చుని లెక్క వేస్తూనే ఉంటుంది.

ఇక ఫోను. అది ఆమె పేరు మీదే ఉంది. దుకాణం గోడకు అంటించిన స్కానరుకు ఆ నంబరే, ఆర్డర్లు వచ్చేదీ ఆ నంబరుకే. అందుకని అది ఎప్పుడూ గల్లాపెట్టె పక్కన తీగకు వేలాడుతూ ఉంటుంది. గోవర్ధన్ ఒకసారి దాని సమయాన్ని కూడా ముందుకు జరిపాడు. డబ్బులు పడడం ఆగిపోయేసరికి హడలిపోయి మళ్లీ సరిచేశాడు.

అభిలాష్ ఈసారి గుండ్రటి డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దానికి మరలు లేవు, మీటలు లేవు. నోటితో చెబితే చాలు, లేపమన్నప్పుడు లేపుతుంది, పాట పెట్టమంటే పెడుతుంది.

"ఎవలు చెప్పినా వింటదా?" అని వాసవి అడిగింది.

"ఎవలు చెప్పినా వింటదక్కా," అన్నాడు అతను గర్వంగా.

"అయితె వద్దు."

రాజీ మళ్లీ నవ్వింది. "మొగన్ని సుత గిట్లనె ఎంచుకున్నవా వదినా?"

"అప్పుడు నన్నెవలు అడిగిన్రు? గిప్పుడు అడుగుతున్నరు కద, గందుకె జర సతాయిస్తున్న."

ఆ మాట నవ్వుతూనే అంది. కాని అన్నాక నిరుడు జరిగింది గుర్తొచ్చింది. నిజానికి అది ఎప్పుడూ మరిచిపోతే కదా.

ఆమె సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతోంది. అత్తవారింట్లో మాట పెరుగుతుందని మొదట్లో పుట్టింటి అడ్రసు ఇచ్చింది, అందుకే పరీక్ష కేంద్రం జనగామలో పడింది. తరువాత తెలిసినా ఎవరూ వద్దనలేదు. సరదా పడుతోందిలే అన్నట్టు ఊరుకున్నారు. నిరుడు ఆఖరి పరీక్ష ముందు రోజు గోడ గడియారం ఆగిపోతే, సెలవులకు వచ్చిన కూతురు భవ్య కొత్త సెల్లు వేసి, అమ్మకు పరీక్ష కదా అని సరైన సమయం పెట్టింది. చెప్పడం మరిచిపోయింది. పొద్దున వాసవి గడియారం చూసింది, అలవాటుగా అరగంట తీసేసుకుంది, తీరిగ్గా జడ వేసుకుని స్టేషనుకు వెళ్లింది. రైలు వెళ్లిపోయింది. బస్సు పట్టుకుని జనగామ చేరేసరికి హాలు తలుపులు మూసేశారు.

ఇంట్లో వాళ్లు నవ్వారు. గోవర్ధన్ ఆ కథను దుకాణానికి వచ్చిన వాళ్లకు కూడా చెప్పాడు. నవ్వినందుకు ఆమె బాధపడలేదు. ఆ గడియారం ఇరవై ఏళ్లలో ఒక్క పొద్దు నిజం చెబితే, తను నమ్మలేకపోయింది. నిజాన్ని నమ్మే చోటే తనలో పాడైపోయిందా అని చాలా రోజులు ఆలోచించింది. ఆ ఆలోచనను ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ ఒక నవ్వులాటే అయ్యేది.

అదే పరీక్ష మళ్లీ వచ్చే వారం. ఈసారీ తప్పితే మొదటి నుంచి ఫీజు కట్టి చేరాలి. తను చేరదని, చేరనివ్వరని ఆమెకు తెలుసు.

"ఇంకొకటి ఉన్నదక్కా, గని ఎవలు తీస్కపోతలేరు," అంటూ అభిలాష్ పై అర నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించాడు. గడియారం, రేడియో కలిసిన నల్లటి పెట్టె. కిటికీ పక్కన పెడితే పైన తిరిగే ఉపగ్రహాల నుంచి సమయం తానే తీసుకుంటుందట. కరెంటు పోయి వచ్చినా మళ్లీ తానే సరిచేసుకుంటుందట. మీటలు ఉన్నాయి కాని అవి అలారానికి, రేడియోకు, వెలుతురు తగ్గించుకోవడానికి. అతను మొహమాటపడుతూ దాని లోపం కూడా చెప్పాడు. సమయాన్ని ముందుకూ వెనక్కూ జరపడం రాదు. అందుకే ఒకాయన కొన్న మర్నాడే వాపసు తెచ్చాడు.

"తిప్పి చూపియ్యి తమ్మీ."

"తిరగదక్కా."

"తిరగకపోవుడే చూపియ్యి."

అతను దాన్ని దుకాణం గుమ్మంలో ఎండలో పెట్టాడు. కాసేపటికి ఎర్రటి అంకెలు వెలిగాయి. ఉన్న మీటలన్నీ ఒక్కొక్కటిగా, తరువాత రెండేసి కలిపి నొక్కాడు. అంకెలు చెక్కు చెదరలేదు. తీగ పీకి పెట్టాడు. అంకెలు ఆరిపోయి, కొంచెంసేపు తడుముకుని, మళ్లీ ఉన్నచోటికే వచ్చాయి. వాసవి ఆ తడుములాటను చివరిదాకా చూసింది. ఒక మొండి ప్రాణిని చూస్తున్నట్టుంది ఆమెకు. తనకు చేతకానిది అది చేస్తోంది.

"గదే గావాలె," అంది.

ఇంటికి తెచ్చి తన వైపు కిటికీ దగ్గర, తలగడ పక్కన పెట్టుకుంది. ఒక ఇంట్లో రెండు సమయాలు ఉండకూడదని సరస్వతి అంది. గోవర్ధన్ మాత్రం నవ్వి, భోజనం చేసి వచ్చి, దాన్ని ఒళ్లో పెట్టుకుని మీటలు నొక్కుతూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ అది లొంగకపోయేసరికి, తీగ పీకి మళ్లీ పెట్టాడు. చివరికి, తక్కువ రకం మాలు అని తేల్చి లేచిపోయాడు.

మొదటి రెండు రోజులు వాసవి తనతోనే పోరాడింది. అంకెలు చూడగానే మనసు అరగంట తీసేసేది. కాదు, ఉన్నది ఉన్నట్టే అని తనకు తాను చెప్పుకోవాల్సి వచ్చేది, కొత్తగా నడక నేర్చుకునేవాళ్లకు చెప్పినట్టు. మూడో రోజు పొద్దున రేడియో చీకట్లోనే మోగింది. ఉలిక్కిపడి లేచి అంకెల వంక చూసింది. తను పెట్టిన సమయం కాదది. సమయం మార్చలేక గోవర్ధన్ అలారాన్ని ముందుకు జరిపాడు.

పక్కన అతను నిద్ర నటిస్తున్నాడు. రేడియో కట్టేసి ఆమె అటు తిరిగి పడుకుంది.

"లేవవా?" అన్నాడు అతను కళ్లు మూసుకునే.

"ఇంక శానా టైమున్నది. అలారం మీరు జరిపిన్రు. టైము జరపలేకపోయిన్రు."

ఆ రోజు బోణీ ఆలస్యమైందని అతను మధ్యాహ్నం వరకు మాట్లాడలేదు. నిజానికి ఊరి సమయం ప్రకారం ఏమీ ఆలస్యం కాలేదు. తొలి బస్సు వచ్చేసరికి దీపం వెలుగుతూనే ఉంది. ఆ సంగతి ఆమె వాదించలేదు. ఆ మౌనం తనను భయపెట్టడం లేదని గమనించి ఆశ్చర్యపోయింది.

పరీక్షకు ముందు రోజు అసలు మాట బయటికి వచ్చింది. రైలు తొలి బస్సుకన్నా ముందే వెళ్తుంది. బోణీ చేసి వెళ్తే పరీక్ష ఉండదు, పరీక్షకు వెళ్తే బోణీ ఉండదు. నిరుడైతే ఆ ఒక్కరోజుకు సరస్వతి చేసింది, ఇప్పుడు ఆమె మోకాళ్లతో మెట్లు దిగలేదు. గోవర్ధన్ గడపలో నిలబడి, గొంతు పెంచకుండానే అడిగాడు.

"బోణీ కాకుండ గడప దాటుతవా?"

"దాటుతా."

"దుకాణం ఏం గావాలె?"

"మీకు సుత చెయ్యున్నది. మీరే చెయ్యున్రి."

"మొగోడు దీపం పెడ్తడా?"

"అయితె నేను మాపటికొచ్చి పెడ్త. అప్పటిదాంక షట్టరు దించి పెట్టున్రి."

 

పొద్దున వాసవి రేడియోకన్నా ముందే లేచింది. స్నానం చేసి, హాల్ టికెట్టు సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. దుకాణంలో గోవర్ధన్ దీపం వెలిగించకుండా కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి గోడ వైపు వేలు చూపించాడు. గడియారం ప్రకారం రైలు ఎప్పుడో వెళ్లిపోయింది.

"పోయింది బండి. ఒట్టిగ ఎందుకు పరేషాన్ అవుతవు, పైకి పో," అన్నాడు. ఆ గొంతులో జాలి కూడా ఉంది, అదే కష్టం.

 నిరుడు స్టేషనులో ఖాళీ పట్టాలు కళ్లముందు కదిలాయి. అరగంట తీసేయాలా, ఇంకా ఎక్కువా, లేక ఈ రోజు మళ్లీ నిజమేనా? పాత లెక్క గబగబా మొదలైంది. దాన్ని పూర్తి చేయనివ్వలేదు. పైన పడక పక్కన తను చూసి వచ్చింది చాలు. సగం లేచిన షట్టరు కింద నుంచి వంగి వీధిలోకి వచ్చింది. వెనక నుంచి అతను ఏదో అన్నాడు. తిరిగి చూడలేదు.

ప్లాట్‌ఫారం మీద జనం అప్పుడప్పుడే చేరుతున్నారు. బెంచీ మీద మూట పక్కన పెట్టుకుని ఒక తండా అవ్వ కూర్చుని ఉంది. పేరు మోతీబాయి అని, జనగామ దవాఖానలో మనవరాలికి కాన్పు అయిందని అడగకుండానే చెప్పింది. తరువాత టైము ఎంతయిందో చూడమంది.

వాసవి స్టేషను గడియారం వంక తలెత్తి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"గంతేనా? నాకు శానా అయినట్టున్నది బిడ్డా."

"గంతే అవ్వా. బండి ఇంక రాలే."

ముసలామెకు నమ్మకం కుదరలేదు. ఇంకొకరిని అడిగింది. వాళ్లూ అదే చెప్పారు. వాసవి సంచి ఒళ్లో పెట్టుకుని పుస్తకం తెరిచింది. రైలు వచ్చేసరికి నాలుగు పేజీలు చదివింది. రైలుపెట్టె ఎక్కుతూ మోతీబాయి చేతిలోని మూటను వాసవి అందుకుంది. తరువాత కిటికీ పక్కన చోటు చూసుకుని, అక్కడ కాళ్లు చాపుకున్న మనిషిని జరగమంది.