పెళ్లి ఫోటో వెనక ఉన్నావిడ

అయినా అంత గబుక్కున ఎందుకన్నాను, ఎవరోనే, నాకు గుర్తులేదు అని, పాత ఫ్రేము విప్పితే మా పెళ్లి ఫోటో వెనక అతుక్కుపోయిన ఇంకో ఫోటో ఊడివచ్చింది, ఆయనే దాచుకున్నాడేమో పాపం, మనవరాలు దాన్ని వెలుగుకి పట్టి ఇదెవరు నానమ్మా అంది, నేనేమో తోడబుట్టిన అక్కని ఎవరో అనేశాను, నా నోరు పడిపోనూ, ఎవరి పిల్ల ఎప్పుడు నడిచిందో కూడా చెప్పేదాన్ని కదా, అందుకే మనవరాలు రెట్టించలేదు, నానమ్మకే తెలియదంటే ఇంకెవరికీ తెలియనట్టే అంటూ ఎవరో తెలియదు అని టకటకా టైపు కొట్టేసింది, వాళ్ల ఆఫీసులో కాగితాలు దాచే పద్ధతిలోనే ఇంటి ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది, బొమ్మ ఒక చోట ఉంటుందట, ఎవరిది, ఎప్పటిది, ఎవరికేమవుతారు అనే వివరాలు ఇంకో చోట ఉంటాయట, వెతికితే ఇది మొహాలు చూడదు నానమ్మా, వివరాలే చూస్తుంది, మరి వివరం లేకపోతేనో అంటే, ఉంటుంది గానీ ఎవరికీ దొరకదు అంది, బిస్కెట్టు నములుతూ, అంత తేలిగ్గా.

ఎవరికీ దొరకదు, సోఫాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్న పెద్దాడికి కూడా, ఫోటోలో ఉన్నది వాడి తల్లే, వాణ్ణి కని మంచం దిగకుండానే పోయింది, ఆ ఇంటికి నేను రెండో పెళ్లాంగా వచ్చాను, పిన్నీ పిన్నీ అని కొంగు పట్టుకు తిరిగేవాడు, మా అమ్మ ఫోటో లేదా పిన్నీ అని ఎన్ని పెట్టెలు తీయించాడో, ఒకసారి జ్వరంలో అమ్మా అన్నాడు, తగ్గాక కూడా అలాగే పిలిచాడు, ఇప్పుడీ ఫోటో చూస్తే మళ్లీ పిన్నినైపోతానని భయం, ఈ వయసులో, సిగ్గులేకపోతే సరి, చెప్పినవారు అన్నచోట నీ పేరే పెట్టాను అంది మనవరాలు, మారిస్తే పోతుందిగా అన్నాను మెల్లగా, మార్చొచ్చు గానీ ముందన్నది కూడా అడుగున అలాగే ఉంటుంది, ఏం, గుర్తొచ్చిందా అంది, ఉండనీ, అన్నది నేనేగా అనుకున్నాను.

పెద్దాడు ఫోటో అందుకున్నాడు, ఎవరో గానీ ముక్కు అచ్చం అమ్మ ముక్కేనే, ఆ తిక్క చూపు కూడా అన్నాడు కూతురితో, నాన్నా, నానమ్మ చేతిలో తన్నులు తింటావు అంది అది, ఇద్దరూ నవ్వుకున్నారు, నాకు నవ్వు రాలేదు, కన్నతల్లిని చేతిలో పట్టుకుని వాడు నా పోలికలు వెతుకుతున్నాడు, ఇలాంటివాడు నన్నెక్కడ వదిలేస్తాడు, ఇన్నేళ్లు అమ్మా అని పిలిపించుకుని కూడా వాణ్ణి నమ్మనిది నేనే, కంప్యూటరు సంగతి తరవాత, ముందు వాడికి చెప్పాలి, వాడి వైపు తిరిగి, అది మా అక్కరా, నిన్ను కన్న అమ్మ అని.