గీత దాకా నీళ్లు

పరీక్షకి పదకొండు రోజులే ఉన్నాయి. పై చదువుకి మా ఆసుపత్రి ఏటా ఒక్క నర్సుకే జీతంతో సెలవిస్తుంది. ఈసారి ప్రవేశ పరీక్ష రాసేది ఇద్దరం. నేను, నాకంటే తొమ్మిదేళ్లు చిన్నదైన మా వార్డు నర్సు పిల్ల. ఎవరికి ఎక్కువ మార్కులొస్తే సెలవు వాళ్లది. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది, ఆ పిల్లకి బోలెడు కాలముంది. అది తలచుకుంటేనే ఒళ్లు మండేది.

తప్పుల పుస్తకమొకటి పెట్టుకున్నాను. తప్పిన ప్రతి లెక్కా అందులో ఎక్కించి పక్కన కారణం రాస్తాను. మధ్యాహ్నం విరామంలో ఆ పిల్ల చూస్తానంటే, నా శ్రద్ధకి కళ్లు తిరగాలనే ఇచ్చాను.

పేజీలన్నీ తిప్పింది. చివరి పేజీ దగ్గర కాసేపు ఆగింది.

"అక్కా, అన్నిటికీ 'తొందరలో తప్పు' అనే రాశారు. ఇవన్నీ మిశ్రమాల లెక్కలే. తొందర వీటి దగ్గరే ఎందుకొస్తోంది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పన్నెండేళ్లుగా వార్డు నేల తుడిచే మందు కలిపే చేయి నాది, నాకు మిశ్రమాలు నేర్పుతావా అని దులిపేశాను. ఆ పిల్ల తన చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని లెక్కల పుస్తకంలో ఒక లెక్క చూపించింది. పది శాతం ద్రావణం అయిదు వందల మిల్లీలీటర్లుంది, నాలుగు శాతానికి తేవాలంటే ఎన్ని నీళ్లు కలపాలి? ఎంతసేపైనా తీసుకోమంది.

ఇరవై నిమిషాలు తీసుకున్నాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. పన్నెండు వందల యాభై.

జవాబుల పేజీలో ఏడు వందల యాభై అని ఉంది. ఇక తొందర మీదకి నెట్టడానికి లేదు.

"మనం డబ్బాలో మందు పోసి గీత దాకా నీళ్లు నింపుతాం కదక్కా," అంది నెమ్మదిగా. "ఆ గీత మొత్తానిది, మీ పన్నెండు వందల యాభై అదే. అందులో అయిదు వందలు మందు ముందే ఉంది. పోసిన నీళ్లెన్నో వార్డులో ఎవరూ అడగరు. పరీక్షలో అదే అడుగుతారు."

పన్నెండేళ్లు గీతనే చూశాను. నీళ్లెన్ని పోస్తున్నానో ఒక్కసారీ అనుకోలేదు. బాగా వచ్చనుకున్నదే రాదని తెలిస్తే ఇంత భయం వేస్తుందని నాకు తెలీదు. సిగ్గు అంతకన్నా ఎక్కువేసింది.

"ఇది నువ్వు చెప్పకపోతే సెలవు నీదే కదా," అన్నాను.

"అవును. మొదటి పేజీలోనే అర్థమైంది. చివరి పేజీ దాకా చెప్పకూడదనే అనుకున్నాను."

ఆమె ముఖం కూడా పాలిపోయి ఉంది. మంచిమాట ఒకటి అనాలనుకున్నాను. ఇంకో లెక్క ఇవ్వమని మాత్రం అన్నాను. ఒక్క క్షణం ఆ లెక్కల పుస్తకం గట్టిగా పట్టుకుని, తర్వాత నా వైపు తిప్పింది.

ఇక ఆ సెలవు నాకొస్తే ఆమె చలవ. రాకపోతే అది ఆమెదే.