మసేరులో సిద్దమ్మ పాదాలు

ముదిగుబ్బ చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ముందు సిద్దమ్మకు కబురు పెట్టేవాళ్ళు. ఆమె పొద్దున్నే ఇంత సంగటి తిని, గట్టు మీద చెప్పులు విడిచి, చేనంతా మెల్లగా నడిచేది. అడుగున నీళ్ళున్న చోట ఆమె పాదాలు తడిసేవి. కొంచెముంటే వేళ్ళు, బాగా ఉంటే చీలమండలు. ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. "యాడిదాకా తడిసిందమ్మా?" అని అడిగి, ఆ చోట రాయి పెట్టుకునేవాళ్ళు. తర్వాత కరువు ముదిరింది. మూడేళ్ళుగా ఆ పాదాలు తడవలేదు. మడమలు నెర్రెలు విచ్చాయి.

అందులో జయరాముడి పాపం తక్కువేమీ లేదు. బోరు లారీలున్న ఆసామి, ఒకప్పటి మండలాధ్యక్షుడు. వెయ్యి అడుగుల దాకా నేలకు తూట్లు పొడిచి, నీళ్ళు పడకపోతే రైతు మొహం మంచిది కాదనేవాడు. ఆఫ్రికాలో లెసోతో అనే చిన్న దేశంలో పల్లెలకు బోర్లు వేసే పని ఉందని విని, ఉన్న పొలం, మిగతా లారీలు అమ్మి ఒక లారీని ఓడ ఎక్కించాడు. 2003 జులైలో, ఊళ్ళో పని లేక కూర్చున్న సిద్దమ్మను, గల్ఫులో ఇంగ్లీషు నేర్చుకున్న డ్రిల్లరు ఇనాయతుల్లాను వెంటబెట్టుకుని రాజధాని మసేరులో దిగాడు.

దిగినప్పటి నుంచి ఆయన నోరు మూతపడలేదు.

"ఇదా రాజధాని? చెప్పుకునేదానికి ఉండేది ఒగే రోడ్డు. మన కదిరి బస్టాండు నయం. పట్టపగలు దుప్పట్లు కప్పుకోని తిరుగుతాండారు సూడు, జొరమొచ్చినోళ్ళ మాదిరి!"

అంటున్నవాడి నెత్తిన మంకీ క్యాపు, ముక్కు కారుతోంది. అక్కడ జులై అంటే నడి చలికాలం. దూరంగా కొండల మీద మంచు తెల్లగా పడి ఉంది. దారిలో ఎదురైనవాళ్ళు "ఖోత్సో" అని పలకరించారు. శాంతి అని అర్థమట. ఆయన మొహం తిప్పుకున్నాడు. హోటల్లో పెట్టిన మొక్కజొన్న ముద్దను వేలితో పక్కకు తోశాడు. సిద్దమ్మ మాత్రం తృప్తిగా తింది.

"మన సంగటే. తెల్లగుండాది, అంతే."

మూడో రోజు ఊరి చివర, సర్కారులో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి తోటింట్లో భోజనం. పల్లె కోసం వేయాల్సిన మొదటి బోరు తన పూలతోటలో పడాలని ఆయన కోరిక. నీటి ఆఫీసు నుంచి మమెల్లో అనే అధికారిణి వచ్చింది. సిద్దమ్మ సంగతి ఇనాయతుల్లా చెబితే ఆమె ఒక్కటే అడిగింది, చీలమండల దాకా తడిస్తే ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడతాయని.

సిద్దమ్మ తోటంతా తిరిగింది. పాదాలు తడవలేదు. జయరాముడు ఆమెను గోడ చాటుకు పిలిచి నీళ్ళ బకెట్టు చూపించాడు.

"కాళ్ళ మీద ఇన్ని పోసుకోని పోయి నిలబడు."

"ఆడ నీళ్ళు లేవన్నా."

"నీళ్ళెవురికి గావల్ల? ఆయప్ప సంతోషపడితే ఈ దేశంలో బోర్లన్నీ మనయే. ఈ దుప్పటిగాళ్ళకు ఏం తెలుస్తాది?"

సిద్దమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. చేలల్లో ఏ పురుగునూ ఆమె అట్లా చూసి ఉండదు.

"మన ఊర్లో నేనొద్దన్న సోటల్లా గుంతలు తీసినావు. ఆ రైతుల ఏడుపు నువ్వు యిన్లేదు, నేను యిన్నా. నా కాళ్ళతో అబద్దం చెప్పియ్యలేవు జయరాముడూ. ఆ నీళ్ళతో నీ మొగం కడుక్కో."

"టికెట్టు నా దగ్గరుండాది. ఈడే వదిలేసి పోతా!"

"పో."

ఆమె గేటు దాటి రోడ్డెక్కింది. వాలులో ఎండిపోయిన చేతిపంపు చుట్టూ ఆడవాళ్ళు బకెట్లతో కూర్చుని ఉన్నారు. వాళ్ళను దాటి ఒక బండ కిందికి దిగింది. పొడి నేల మీదే వేళ్ళు తడిశాయి. ఇంకో అడుగు వేస్తే చీలమండలు. మరో అడుగుకి చల్లటి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి, చీర కుచ్చిళ్ళు కారసాగాయి. సిద్దమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఒక ముసలామె లేచి వచ్చి తన దుప్పటి తీసి ఆమె భుజాల మీద కప్పింది. వెనకే వచ్చిన మమెల్లో, మోకాళ్ళ దాకా అని రాసుకుంది.

జయరాముడు రొప్పుతూ వచ్చాడు. "ఆయమ్మ మా కూలిమనిషి. మాట్లాడేది నేనని చెప్పు!"

ఇనాయతుల్లా ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. మమెల్లో అడిగిన దాన్ని కూడా ఒక్కో మాటా రుచి చూస్తూ తెలుగు చేశాడు.

"నీ కాళ్ళు తడుస్తాయా అంటాంది అన్నా. తడవకపోతే పని ఆయమ్మ పేరున రాస్తాదంట. నీ లారీ గావల్లంటే ఆయమ్మే పెట్టుకుంటాదంట."

అరవై అడుగులకే నీళ్ళు ఎగజిమ్మాయి. జయరాముడికి ఊరికి పోయినా దున్నుకోవడానికి సెంటు నేల లేదు. ఆరేళ్ళు మసేరులోనే ఉన్నాడు, తిట్టుకుంటూనే.

కొండపల్లెల్లో లారీ ఆగినప్పుడల్లా ఆడవాళ్ళు సిద్దమ్మ చుట్టూ మూగేవాళ్ళు. స్టీరింగు దగ్గర గొణుక్కునే ఆ మనిషెవరని అడిగేవాళ్ళు. ఆమె వాళ్ళ భాషలోనే చెప్పేది.

"మా డ్రైవరు. నోరు మంచిది గాదు. బండి మాత్రం బాగా తోల్తాడు."