బావిలోకా, పొయ్యి మీదికా

పడవ కోమిజ రేవు దాటి బయటి సముద్రంలో పడ్డాక పడవ నడిపే ప్రోష్పెర్ ఇంజన్ చప్పుడు మీదుగా గొంతు పెంచాడు.

"బార్బా కుజ్మా, పెద్దాయనా, రేపు మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మాట చెప్పేయాలట. ఆఫీసువాళ్ళు నన్నే అడిగి రమ్మన్నారు. ఔనో, కాదో."

"చెబుతాం," అన్నాడు కుజ్మా.

"చెప్పాల్సింది నేను," అంది అతని భార్య వింకా. "ఈయన మాట ఊరందరికీ తెలుసు. చేపల మార్కెట్లో ఐసు అమ్మేవాడు కూడా నన్ను ఆపి, ఎప్పుడు వెళ్తున్నారని అడిగాడు."

ప్రోష్పెర్ నవ్వాడు. కుజ్మా నవ్వలేదు. కాళ్ళ మధ్య పెట్టుకున్న బకెట్ మీద తడి గోనెపట్టా సర్దుకున్నాడు. అందులో ఏముందని ప్రోష్పెర్ అడిగితే, ఎర అన్నాడు.

వాళ్ళు వెళ్తున్న గలెబ్నిక్ సముద్రం నడుమ ఒక బండ. దాని మీద ఆస్ట్రియా చక్రవర్తుల కాలంలో కట్టిన రాతి ఇల్లు, ఆ ఇంటి నడుమ నుంచి లేచిన దీపస్తంభం. అక్కడ చివరి కాపలాదారు కుజ్మా. పెళ్ళయిన ఏడాదే వింకా అతనితో ఆ బండ మీదికి కాపురానికి వచ్చింది. కూతురికి బడి ఈడు వచ్చేదాకా అక్కడే ఉండి, తర్వాత పిల్లతో స్ప్లిట్‌కు మారిపోయింది. కుజ్మా సెలవులకు వచ్చి వెళ్ళేవాడు. దీపం తనంతట తాను వెలగడం నేర్చాక అతనికీ అక్కడ పని లేకపోయింది.

మనుషులు పోయాక ఇంటి కప్పు కూలింది. గదుల్లో సముద్రపక్షులు గుడ్లు పెట్టాయి. ఈమధ్యే ఒక కంపెనీ దాన్ని గుత్తకు తీసుకుని పాత రాళ్ళతోనే మళ్ళీ కట్టించింది. ఇల్లు రెండు భాగాలు చేసి రాత్రికింతని అతిథులకు ఇస్తోంది. వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా అక్కడే ఉండి చూసుకోవడానికి వాళ్ళకు భార్యాభర్తలు కావాలి. ఒంటరివాడిని పెట్టుకోరు. కుజ్మా సంగతి తెలిసి వాళ్ళే కబురు పెట్టారు. ఒక్క రాత్రి అక్కడ పడుకుని అప్పుడు చెబుతానంది వింకా. చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా అన్న మాట అది. ఆ రోజు నుంచి కుజ్మా స్ప్లిట్‌లో ఇంటి మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకోవడం మానేశాడు.

ప్రోష్పెర్ వాళ్ళను రాతి మెట్ల దగ్గర దింపి వెనక్కి వెళ్ళిపోయాడు.

వింకా ఇల్లంతా ఒకసారి తిరిగింది. బొగ్గులు పోసుకునే గదిలో ఇప్పుడు అద్దాల తలుపుతో స్నానాలగది ఉంది. ఒకప్పుడు చలికాలంలో పరుపు అడ్డం పెట్టి మూసిన పడమటి కిటికీ ముందు, సముద్రం చూడటానికని కుర్చీ వేశారు. వంటింట్లో కుళాయి తిప్పింది. నీళ్ళు వచ్చాయి. బావి తాడు లాగి లాగి అరిచేతులు కాయలు కాచిన మనిషి కాసేపు ఆ ధారను చూసింది. వేలు తడిపి నాలుక మీద పెట్టుకుంది. సున్నం రుచి.

అప్పుడే వాకిట్లో ఎవరో కెవ్వుమన్నారు.

ఇంటి రెండో భాగంలో ఒసియెక్ నుంచి వచ్చిన జంట దిగారు. ల్యెర్కా బడిపంతులమ్మ. ఆమె భర్త తిహొమిర్ రైల్వేలో పనిచేస్తాడు. అరిచింది ల్యెర్కాయే, బకెట్ మీద గోనె ఎత్తి చూసి.

"పాము," అంది, గోడకు ఆనుకుని.

"పాము కాదమ్మాయ్, మలుగు. చేపే," అంది వింకా, బయటికి వచ్చి బకెట్లోకి చూస్తూ. మోచెయ్యంత మందాన ఒక మలుగు నీళ్ళలో చుట్ట చుట్టుకుని ఉంది.

"దీన్నెందుకు తెచ్చారు?"

"బావిలో వేయడానికి," అంది వింకా అలవాటు కొద్దీ. "ఈ బండ మీద ఊట లేదు. కప్పు మీద పడ్డ వాన, ఈ వాకిట్లో పడ్డ వాన ఆ బావిలోకి దిగుతుంది. ఏడాదంతా అవే తాగాలి. ఎండలు ముదిరితే నీళ్ళలో పురుగు పడుతుంది. మలుగు ఉంటే ఆ పురుగుని తిని నీళ్ళు బాగుంచుతుంది. దానికి తిండి పెట్టకూడదు, పట్టకూడదు. దాని మానాన అది బతుకుతుంది, మనిషి కన్నా మొండిగా."

"అంటే ఇందాక మేం తాగిన నీళ్ళలో..." అని ల్యెర్కా ఆగింది.

"అందులో చేప లేదు. అదే తప్పంటున్నారు," అన్నాడు తిహొమిర్.

"ఎవరు వేస్తారు? కంపెనీవాళ్ళా?" అని ల్యెర్కా అడిగింది.

"కాదు. కాపురానికి వచ్చినవాడు వేస్తాడు," అంది వింకా. "పాతది చచ్చిపోయి ఉంటే కొత్తగా వచ్చినవాడు తెచ్చుకుంటాడు. మా మామగారి కాలం నుంచీ అంతే. ఒక్క రాత్రి ఉండి పోయేవాడు ఎందుకు తెస్తాడు..."

ఆ మాట నోట్లో ఉండగానే ఆమె తల తిప్పి కుజ్మాను చూసింది. అతను తాడు చుట్టుకుంటున్నాడు. అప్పటికే చుట్టిన తాడు.

"ఎరన్నావు."

"ఎరకీ పనికొస్తుంది."

"నీళ్ళు నమలకు కుజ్మా. ఎక్కడిది?"

"నెరెత్వా ఏటిది. ఓపుజెన్ నుంచి తెలిసినవాడొకడు పంపాడు."

"ఎప్పుడడిగావు వాణ్ణి?"

అతను తాడు విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

"ఒక రాత్రి పడుకుని చెబుతానన్నాను. నువ్వు బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టుకొచ్చావు."

"బాగుచేసేటప్పుడు బావి మొత్తం తోడేసి సున్నం కొట్టారట. ఎవరున్నా చేప కావాలి కదా అని..."

"ఎవరుంటే వాళ్ళు తెచ్చుకుంటారు." వింకా బకెట్ చెవి పట్టుకుని ఎత్తింది. "వంటింట్లో ఉల్లిపాయలున్నాయి. వెనిగర్ ఉంది. మొక్కజొన్న పిండి కూడా చూశాను. బ్రుదెత్ పులుసు పెట్టి సంకటి చేస్తాను. అమ్మాయ్, మీరిద్దరూ మాతోనే తినండి."

"మేమెప్పుడూ తినలేదండీ," అంది ల్యెర్కా. ఎవరి పక్షం వహించాలో ఆమెకు తెలియలేదు.

"పొద్దున దాకా ఉండనీ," అన్నాడు కుజ్మా. అతని గొంతు మెత్తబడింది. "పొద్దున నువ్వే చెప్పు. బావిలోకంటే బావిలోకి. పొయ్యి మీదికంటే పొయ్యి మీదికి."

వింకా బకెట్ కింద పెట్టి, గోనెపట్టా తనే కప్పింది.

పొద్దు వాలే వేళ నలుగురూ వాకిట్లో కాల్చిన సార్డీన్లు తిన్నారు. ఒంటరిగా ఉన్నప్పుడు భయం వేయలేదా అని ల్యెర్కా అడిగింది. భయపడాలంటే ఎవరో ఒకరు రావాలి కదమ్మాయ్, అంది వింకా. తిహొమిర్ పగలబడి నవ్వాడు. వింకా ఇంకో సంగతి చెప్పింది, దాని మీద ఇంకోటి. చెబుతూ చెబుతూ చూస్తే కుజ్మా బల్ల దగ్గర లేడు.

అతను పైనున్నాడు. వింకా మోకాళ్ళు పట్టుకుంటూ, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. దీపం చుట్టూ ఉన్న వసారాలో అతను కటకటాలకు ఆనుకుని నిలబడ్డాడు. తలుపు దగ్గరికి ఆమె చేరేసరికి అద్దాల వెనక చిన్న చప్పుడైంది. దీపం వచ్చింది.

"వెలిగింది," అన్నాడు కుజ్మా.

"నువ్వు వెలిగించావా?"

"లేదు."

"మరెందుకెక్కావు?"

"వెలుగుతుందో లేదో చూద్దామని."

"వెలక్కపోతే?"

"స్ప్లిట్‌లో ఎవడో తెర మీద చూసి మనిషిని పంపుతాడు."

వింకా ఊపిరి తీసుకోవడానికి గోడకు ఆనుకుంది. అతను ఆమె వైపు తిరగకుండానే మాట్లాడాడు.

"స్ప్లిట్‌లో నేనొక కుర్చీని, వింకా. ఇల్లు తుడిచేటప్పుడు పక్కకి జరుపుతావు. తుడిచాక మళ్ళీ సర్దుతావు."

"కుర్చీ సూప్ చల్లారిందని సణగదు."

అతని భుజాలు కదిలాయి. నవ్వాడని ఆమెకు తెలిసింది.

"ఇక్కడైతే పొద్దున లేవడానికి ఒక పని ఉంటుంది," అన్నాడు.

"నీకుంటుంది. నాకు?"

"అప్పట్లో నువ్విక్కడ బాగానే ఉన్నావుగా. ఎప్పుడూ ఏమీ అనలేదు."

"అడిగావా?"

అతను కటకటాల మీది ఉప్పును గోటితో గీకాడు.

"నువ్వు దీపాన్ని చూసేవాడివి. నేను నీ వీపుని చూసేదాన్ని. కిందికొచ్చి గాలి ఏ దిక్కు నుంచి ఉందో చెప్పేవాడివి, ఏ ఓడ పోయిందో చెప్పేవాడివి. పగలంతా ఏం చేశావని ఒక్కనాడూ అడగలేదు. పిల్ల పుట్టేదాకా నేను మేకతో మాట్లాడాను. మేక చచ్చాక మలుగుతో. బావి మూత తీసి, బోర్లా పడుకుని."

"నాకు తెలియదు."

"తెలియదని నాకు తెలుసు."

కుజ్మా ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. "సరే, ఇప్పుడు అడుగుతున్నాను కదా, ఉంటావా అని."

"నువ్వు అడగలేదు. మలుగుని తెచ్చావు."

ఆమె దిగిపోయింది. దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది.

పక్క మీద వాలాక వింకా ముందు అనుకున్నవన్నీ మళ్ళీ లెక్క వేసి చూసుకుంది. గోడవతల ల్యెర్కా ఏదో అంటోంది, తిహొమిర్ నవ్వుతున్నాడు. ఆ గోడకు అవతల మనుషుల గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. వచ్చేవాళ్ళుంటారు, పోయేవాళ్ళుంటారు, తను చెప్పేది వినేవాళ్ళుంటారు. కుళాయి ఉంది. ఔననడానికి కారణాలు లేకపోలేదు. కాదనడానికి మాత్రం స్ప్లిట్‌లో తన రోజులున్నాయి, వాటిని ఎవరికీ వివరంగా చెప్పి చూడలేదు. ఎటూ తేలకముందే నిద్ర పట్టింది. అంత హాయిగా పట్టినందుకు ఆమెకు చిరాకేసింది కూడా.

తెల్లవారేసరికి ఇల్లంతా మాడిన ఉల్లిపాయల వాసన.

వంటింట్లో కుజ్మా పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతున్నాడు. బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు. తొట్టిలో అత్తి ఆకులు జిగురు పట్టి ఉన్నాయి. మలుగు చేతికి చిక్కాలంటే గరుకు ఆకుతో పట్టుకోవాలి. బకెట్ కడిగి బోర్లించి ఉంది.

వింకా గుమ్మంలో నిలబడింది.

"నేనింకా చెప్పలేదు," అంది.

"నిన్న పైన చెప్పావు. చాలు. నా బుర్రకి ఆలస్యంగానైనా అర్థమవుతుంది." గొంతు సరదాగా పెట్టాలని చూశాడు. "పులుసు పెట్టేశాను. ఇక బెంగ లేదు."

ఆమె ముఖంలో బెంగ తీరిన జాడ కనబడలేదు.

"తెచ్చేటప్పుడు నన్ను అడగలేదు. కోసేటప్పుడూ అడగలేదు," అంది.

గరిటె ఆగింది. కుజ్మా గిన్నెలోకి చూశాడు, ఆమెను చూశాడు. ఇంత పెద్ద మనిషికి అంత చిన్న సంగతి అప్పుడు తట్టింది.

"అవును," అన్నాడు. "ఇదీ అడగలేదు."

వింకా వచ్చి అతని చేతిలో గరిటె తీసుకుంది.

"కలిపావా దీన్ని?"

"కలిపాను. అడుగంటుతోంటే."

"బ్రుదెత్‌ని కలపరు. గిన్నె పట్టుకుని ఊపుతారు. చూడు, ముక్కలన్నీ విరిగిపోయాయి."

"నాకెవరూ చెప్పలేదు."

"ఎవర్నడిగావు?" ఆమె మంట తగ్గించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇప్పుడు అడుగు."

"ఏమని?"

"నన్ను ఇక్కడికి దేనికి తీసుకొచ్చావో అది. చేప గిన్నెలో ఉంది. నీకిక పోయేదేమీ లేదు. అడుగు."

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఇక్కడ నాతో ఉంటావా, వింకా?"

"ఉండను."

అతను తల ఊపాడు. కిటికీ దాకా వెళ్ళి, సముద్రం చూసి, తిరిగి వచ్చాడు. బల్లకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకు?" అన్నాడు.

వింకా నోరు తెరిచింది. తలుపు దగ్గర ల్యెర్కా గొంతు వినబడింది. ఏదో మాడుతున్నట్టుంది, సాయం కావాలా అంటోంది.

"పడవలో చెబుతాను," అంది వింకా. "రా అమ్మాయ్. మాడింది నిజమే. సంకటి తిప్పడానికి మీ ఆయన చెయ్యి కావాలి."

ప్రోష్పెర్ వచ్చేసరికి అందరూ తింటున్నారు. అతనికీ ఒక పళ్ళెం పెట్టారు. రెండు ముద్దలు తిని తల ఎత్తాడు.

"షోరా వింకా, ఇది మీరు వండింది కాదమ్మా."

"కాదు. ఆయన."

"చెప్పకపోయినా తెలిసేది." నోట్లో ముల్లు తీసి అంచున పెట్టాడు. "మరి ఆఫీసుకి ఏం చెప్పను?"

"కాదని చెప్పు," అన్నాడు కుజ్మా.

ప్రోష్పెర్ వింకా వైపు చూశాడు. చెప్పాల్సింది ఆమె అని పడవలో విన్నాడు.

"ఆయన అడిగాడు, నేను చెప్పాను," అంది వింకా. "అదే ఆయన నీకు చెప్పాడు."

"బార్బా, మీ వయసులో మళ్ళీ ఇలాంటిది దొరకదు."

"తెలుసు," అన్నాడు కుజ్మా. "సంకటి ఇంకొంచెం వేసుకో."

ల్యెర్కా మెట్ల దాకా వచ్చి చెయ్యి ఊపింది. పడవ కదిలాక కుజ్మా వెనక్కి తిరిగి చూశాడు. దీపస్తంభం కొంచెం చిన్నదయ్యేదాకా చూసి, ఇంజన్ పెట్టె అవతలి నుంచి లేచి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఉల్లిపాయలు కోసి అప్పటికి చాలాసేపైంది.

"చెబుతానన్నావు," అన్నాడు.

"పొడుగ్గా ఉంటుంది."

"దారి కూడా పొడుగే."

ఆమె స్ప్లిట్‌లో తన సోమవారంతో మొదలుపెట్టింది. కూరగాయల బజారులో ఎవరి దగ్గర ఆగుతుందో, ఎవరి దగ్గర ఆగదో, ఎందుకు ఆగదో చెప్పింది. కింది అంతస్తు ముసలావిడకు మందులు వేసి, ఆవిడ తిట్లు విని వస్తుందని చెప్పింది. ఏ ముసలావిడ అన్నాడు కుజ్మా. నువ్వు రోజూ నమస్కారం పెట్టే ఆవిడే, అంది. ఆవిడకి మందులు దేనికి అన్నాడు. చెప్పింది. అతను మధ్యమధ్య అడగకూడని చోట అడుగుతున్నాడు. ఆమె వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. ప్రోష్పెర్ వేగం తగ్గించి కోమిజ రేవు వైపు పడవ మళ్ళించేసరికి వాళ్ళు ఇంకా మంగళవారం దగ్గరే ఉన్నారు.